సలహా చెప్పువారు, పేరు చెప్పువారు

1948 జూలై 5వ తేదీన బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమైనది. యుద్ధానంతరము ఆ దేశమున రోగులకు పరిచర్య చేయుటకు నర్సులు చాలకుండిరి. కరీబియను దీవులనుండి వేలకొలది యువతులు ఆ పనికై ఓడలెక్కిరి. నర్సు శిక్షణకు అప్పుడు రెండు త్రోవలుండెను. మూడేండ్లు చదివినవారు రిజిస్టర్డ్ నర్సులగుదురు. వార్డు సిస్టరు పదవికి, అటుపైని మేట్రన్ పదవికి పోవు త్రోవ అదియే. రెండేండ్లు చదివినవారు ఎన్‌రోల్డ్ నర్సులగుదురు. వారి ఉద్యోగము అచ్చటనే ఆగును. పైగా ఆ రెండేండ్ల చదువునకు వారి స్వదేశమున గుర్తింపు లేదు. ఓడ దిగిన యువతులకు ఈ భేదమును విడమరచి చెప్పినవారు తక్కువ. అర్హతయున్న పెక్కురు రెండవ త్రోవలో ప్రవేశపెట్టబడిరి. తాము చేసిన సంతకమునకు అర్థమేమో కొందరికి చాలకాలము గడచినపిమ్మట గాని తెలియలేదు. గయానానుండి వచ్చిన డాఫ్నీ స్టీల్ 1964లో యార్క్‌షైరులోని ఇల్క్‌లీ పట్టణమున మేట్రన్ అయ్యెను. ఆ సేవలో ఒక నల్లజాతి స్త్రీకి అట్టి పదవి లభించుట అదే మొదలు.

నేడు ఆ దేశపు ఆసుపత్రులలోను, విశ్వవిద్యాలయములలోను, కార్యాలయములలోను అల్పసంఖ్యాక జాతుల స్త్రీలకొరకు మార్గదర్శక బృందములు నడచుచున్నవి. వెనుకబడినవారికై ఇట్టి ప్రత్యేక ప్రయత్నములు చేయుటకు 2010 నాటి సమానత్వ చట్టము అనుమతించుచున్నది. కొందరు స్త్రీలు, వారితో అనుభవశాలిని యగు ఒక పెద్ద, నియమముగా కూడుకొందురు. దరఖాస్తు ఎట్లు వ్రాయవలయును, ఇంటర్వ్యూలో అడుగువారు వినగోరున దేమి, ఏ శిక్షణకు ఎప్పుడు పేరు నమోదు చేసికొనవలయును అను విషయములు చర్చింతురు. ఇవి ఏ నిబంధనల గ్రంథమునను దొరకవు. ఉపాధ్యాయులకు ఇది వివరింప నక్కరలేదు. ఉద్యోగస్థుని బిడ్డకు ఏ పరీక్షకు ఏ వయస్సులో కూర్చుండవలయునో ఇంటిలోనే తెలియును. కూలివాని బిడ్డకు గడువు దాటిన మరునాడు తెలియును. 1950లలో ఆ నర్సులకు కావలసియుండినది ఇట్టి బృందమే.

ఆంగ్లమున ఈ మార్గదర్శికి మెంటార్ అని పేరు. గ్రీకు కవి హోమరు ఒడిస్సీ కావ్యమున మెంటార్ ఒక వృద్ధుడు. యువకుడగు టెలిమాకసునకు దారి చూపుటకై ఎథీనా దేవత ఆ వృద్ధుని రూపము దాల్చును. సాక్షాత్తు జ్ఞానదేవతయే అయినను, సలహా చెప్పవలసివచ్చినప్పుడు పురుషుని గొంతు అరువు తెచ్చుకొనవలసివచ్చినది!

అయితే ఈ బృందములవలన నిచ్చెన మెట్లు మారినవా? ఇంగ్లండులోని ఆరోగ్య సేవ జాతి సమానత్వమును కొలుచుటకు 2015లో ఒక కొలమానము నేర్పరచి, ఏటేట అంకెలను ప్రకటించుచున్నది. ఎంపిక జాబితా కెక్కిన అభ్యర్థులలో, శ్వేతజాతివారికి ఉద్యోగము లభించు అవకాశము తక్కినవారికంటె సుమారు ఒకటిన్నర రెట్లుగా 2016లో నుండెను. 2023లోను ఇంచుమించుగా అట్లే యుండెను. జాబితా కెక్కినవారనగా అర్హత నిరూపించుకొన్నవారే గదా. ఈ అంకె స్త్రీపురుషుల నిరువురను కలిపి లెక్కించినది. కాని నర్సులలో పదింట తొమ్మండుగురు స్త్రీలేనని మరువరాదు.

కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. వార్డు అధికారిణి ఆరునెలలు సెలవుపై పోయినదనుకొందము. ఆ స్థానమున తాత్కాలికముగా నెవరో కూర్చుండవలయును. పలుమారు దానికి ప్రకటన యుండదు. పైయధికారికి ఎవరి పేరు ముందుగా తోచునో వారికే ఆ కుర్చీ దక్కును. పిమ్మట పదవి ఖాళీయైనప్పుడు ప్రకటన వెలువడును, ఇంటర్వ్యూ జరుగును, అంతయు సక్రమమే. "అనుభవము" అను గడిలో వ్రాయుటకు మాత్రము ఒకరికే విషయముండును. బృందములో ఎంత చక్కగా ఇంటర్వ్యూ అభ్యసించినను ఆ ఆరునెలలు చేతికి రావు. ఆనాడు ఆ గదిలో ఎవరో ఒకరు ఆమె పేరు చెప్పియుండవలెను. సలహా చెప్పువారు వేరు, పేరు చెప్పువారు వేరు. హెర్మినియా ఇబార్రా మొదలగువారు 2010లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్రాసిన వ్యాసమున ఈ భేదమునే చూపిరి: స్త్రీలకు సలహాలు కొదవలేవు, పదోన్నతికై పట్టుబట్టు పెద్దలే కొదవ.

విశ్వవిద్యాలయముల సంగతి మరింత స్పష్టము. 2019లో నికోలా రొలాక్ ఒక నివేదిక వెలువరించినప్పుడు, బ్రిటన్ అంతటను నల్లజాతి స్త్రీ ప్రొఫెసర్లు 25 మంది! వారిలో 20 మందితో ఆమె సంభాషించినది. పదోన్నతి పద్ధతి స్పష్టముగా లేకుండుట, అండ నిలుచువారు లేకుండుట వారి మాటలలో మరల మరల వినవచ్చినవి. తరువాత నూరుగురు నల్లజాతి స్త్రీ ప్రొఫెసర్లను చూడవలెనను పేరుతో ఒక కార్యక్రమము 2021లో మొదలైనది. స్త్రీలకు శిక్షణ యిచ్చుటతో ఆగక, విశ్వవిద్యాలయముల పెద్దలను గూడ అందులో బాధ్యులను చేసిరి. నా దృష్టిలో ఇది సరియైన మార్గము. లోపము అభ్యర్థినియందే యున్నదని తలచి ఆమెనే దిద్దుచుండుట ఒక విధమైన అవమానము.

మనకును ఇందు సంబంధము గలదు. విదేశములనుండి ఆ సేవలో చేరు నర్సులలో భారతీయులు, ఫిలిప్పీనువారు ముందువరుసలో నున్నారు. మనవారిలో మలయాళ వనితలు హెచ్చు. తెలుగు ఆడపడుచులును గలరు. అచ్చటి జీతములు తొమ్మిది శ్రేణులు. క్రొత్తగా పట్టా పొందిన నర్సుకు ఐదవది, వార్డు అధికారిణికి సామాన్యముగా ఏడవది. ఇచ్చట పదేండ్లు పనిచేసి పోయినవారును తరచుగా ఐదవ శ్రేణిలోనే ఆరంభింతురు. ఆరవదానికి పోవు త్రోవ చెప్పువారు ముందుగా వచ్చిన సహోద్యోగినులే.

ఆ పెద్దలగూర్చి ఆలోచించువారు తక్కువ. పైకి వచ్చిన స్త్రీలు కొద్దిమంది. ప్రతి బృందమునకును, ప్రతి సంఘమునకును వారే కావలయును. 25 మందిని ఎందరు పిలువవచ్చును? సాయంత్రములు దరఖాస్తులు దిద్దుచు గడపిన ఆ కాలము, వారి పదోన్నతి లెక్కకు వచ్చినప్పుడు పెక్కుచోట్ల సున్నయే. సంస్థలు ఈ పనిని పనిగంటలలో చేర్చి, ఏ బృందమునకు ఎందరు వచ్చిరన్నదిగాక ఎందరు ఐదునుండి ఆరునకు ఎక్కిరో ఏటేట ప్రకటింపవలసియున్నది.