కోతకు ముందు నాలుగు రోజులు

ఆహారం విషయంలో మనిషికి రెండు ప్రశ్నలు కలగడం సహజం. కడుపు నిండుతుందా అన్నది మొదటిది. నిండిన కడుపుకు మేలు కలుగుతుందా అన్నది రెండవది. మన కళాశాల మేడపైన వృక్షశాస్త్ర విద్యార్థులు పెంచుతున్న మట్టిలేని తోట మొదటి ప్రశ్నకు తనకు చేతనైనంత సమాధానం చెప్పింది. వారానికి రెండుసార్లు పాలకూర, తోటకూర గంపలతో ఆ మేడ దిగి వసతిగృహపు వంటశాలకు చేరుతున్నవి. ఇక రెండవ ప్రశ్నను గురించి నాలుగు మాటలు విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ తోటకు నీరు పోసే వారిలో నేనూ ఒకడిని గనుక, ఇందులో ఎత్తిచూపే తప్పులలో నా వంతు కూడా ఉన్నదని ముందుగానే ఒప్పుకుంటున్నాను.

విషయం చూడడానికి చిన్నది. మట్టిలేని సాగులో మొక్కకు కావలసిన లవణాలన్నిటినీ నీటిలో కరిగించి అందిస్తాము. కోతకు ముందు కొన్ని రోజులు ఆ పోషక ద్రావణాన్ని ఆపి, వట్టి నీరు మాత్రమే ఇచ్చే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని ఫ్లషింగ్ అంటారు. ఇది అవసరమా, అనవసరమా అన్న విషయమై మాలో రెండు పక్షాలు ఏర్పడినవి. అలా చేస్తే రసాయనాలన్నీ కొట్టుకుపోయి కూర శుద్ధమవుతుందని ఒక పక్షం వాదిస్తున్నది. ఇది వట్టి భ్రమ అనీ, నాలుగు రోజులు మేత మాన్పితే తూకం తగ్గడం తప్ప వేరే ఫలితం లేదనీ రెండవ పక్షం వాదిస్తున్నది. ఇరువురి మాటలోనూ సగం సత్యమే ఉన్నదని నా అభిప్రాయం. ఆకుకూరలకు ఈ విరామం ఇవ్వవలసిందే. కాని ఆకు నుండి తప్పించిన లవణాన్ని ఎక్కడ పోస్తున్నామో చూసుకోకపోతే, చేసిన మేలు కంటె కీడే ఎక్కువ కాగలదు.

మట్టి లేకుండా మొక్క పెరగడం నేటి వింత కాదు. 1860 ప్రాంతంలోనే జర్మనీలో జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ అనే శాస్త్రజ్ఞులు లవణాలు కరిగించిన నీటిలో మొక్కలను పెంచి చూపారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరికె 1937లో ఈ విద్యకు హైడ్రోపోనిక్స్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు. అదే విశ్వవిద్యాలయంలో హోగ్లండ్, ఆర్నన్ అనే ఇద్దరు 1938లో ప్రకటించిన పుస్తకం ఈ రంగానికి నేటికీ ఆధారగ్రంథం. వారి పేరిట ప్రసిద్ధమైన ద్రావణంలో లీటరుకు సుమారు 900 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటుంది. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. దీనితో మనకు ముందు పని ఉన్నది.

మొక్క తనకు కావలసిన నత్రజనిని ముఖ్యంగా నైట్రేట్ రూపంలో వేళ్లతో పీల్చుకుంటుంది. ఆకులో నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎంజైము దానిని మార్చగా, చివరకు అది మాంసకృత్తులుగా రూపొందుతుంది. ఈ మార్పుకు కావలసిన శక్తి సూర్యకాంతి నుండి రావలెను. వెలుతురు చాలినంత లేనప్పుడు, లేదా వేళ్లకు అవసరానికి మించి నైట్రేట్ అందినప్పుడు, మొక్క ఆ మిగులును పారవేయదు. ముందుచూపు గల గృహస్థు గాదెలో ధాన్యం పోసుకున్నట్లు, కణాలలోని రిక్తికలలో దాచుకుంటుంది. ఆకు కంటె కాడలో ఈ నిల్వ ఎక్కువ. టమాటా వంటి పండ్లలో, గింజలలో ఇది బహు స్వల్పం. పాలకూర, తోటకూర మొదలైన ఆకుకూరలు మాత్రం నైట్రేట్‌ను కూడబెట్టడంలో పేరుపొందినవి.

ఇప్పుడు మొదటి పక్షం వారి పొరపాటు ఏమిటో తెలుస్తుంది. వట్టి నీరు పోసినంత మాత్రాన ఆకులోని లవణం వెనుదిరిగి వేళ్ల దారిన బయటకు కారిపోదు. బట్టను ఉతికినట్లు మొక్కను ఉతకడం సాధ్యం కాదు. వేళ్ల చుట్టూ ఉన్న కొబ్బరిపొట్టులో పేరుకున్న లవణాన్ని నీరు కడుగుతుంది, అంతే. ఆకులోపల జరిగే పని వేరు. బయటి సరఫరా ఆగిపోగానే మొక్క తన గాదె తెరచి, దాచిన నైట్రేట్‌ను ఎండ వెలుతురులో తానే ఖర్చు చేసుకుంటుంది. కాబట్టి ఈ పద్ధతికి ప్రాణం నీటిలో లేదు, ఎండలో ఉన్నది. ముసురు పట్టిన నాలుగు రోజులలో ఎన్ని కుండల మంచినీరు పోసినా పెద్దగా ప్రయోజనం కనబడదు.

రెండవ పక్షం వారి పొరపాటు తెలియడానికి కొద్దిగా లెక్క అవసరం. రోజుకు శరీరపు బరువులో ప్రతి కిలోకు 3.7 మిల్లీగ్రాముల వరకు నైట్రేట్ తీసుకున్నా ఇబ్బంది లేదని అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ణయించింది. 50 కిలోల విద్యార్థికి ఇది 185 మిల్లీగ్రాములు. ఐరోపా దేశాల కూటమి 2011లో సవరించిన నిబంధనల ప్రకారం, తాజా పాలకూర కిలోలో 3500 మిల్లీగ్రాముల వరకు నైట్రేట్ ఉండవచ్చును. ఆ హద్దును తాకిన పాలకూర 100 గ్రాములు తింటే 350 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్లే. ద్రావణం ఆపిన కొద్ది రోజులలోనే ఆకులోని నైట్రేట్ గణనీయంగా తగ్గుతుందని పలు పరిశోధనలలో తేలింది. పైగా మన వంట తీరును కూడా తలచుకోవలెను. ఆకును నీటిలో ఉడికించి ఆ నీరు వంచేస్తే కొంత నైట్రేట్ పోతుంది. కాని పాలకూర పప్పులో నీరు వంచే వాడుక మనకు లేదు. మొక్కలో ఉన్నది గిన్నెలోకి, గిన్నెలో ఉన్నది కంచంలోకి వస్తుంది.

ఇంత మాత్రాన ఆకుకూరలంటే భయపడనవసరం లేదు. కూరగాయల వలన కలిగే మేలు వాటిలోని నైట్రేట్ వలన కలగగల కీడును మించినదేనని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2008లో అభిప్రాయపడింది. ఆరోగ్యవంతుడైన యువకుడు ఒకనాడు పాలకూర అధికంగా తిన్నందువల్ల వచ్చే ముప్పు ఏమీ లేదు. కాని సులభంగా తగ్గించగలిగిన దానిని తగ్గించకుండా వదలడం కూడా వివేకం కాదు. వసతిగృహంలో అన్నం తినేవాడు తన కూరను తాను ఎన్నుకోలేడు. పెట్టింది తినవలసినవాడు. అటువంటి వాని పక్షాన ఆలోచించవలసిన బాధ్యత పండించేవారిది.

ఐతే అతి సర్వత్ర వర్జయేత్ అన్నారు పెద్దలు. ఉత్సాహం కొద్దీ ఒకసారి మేము పది రోజులపాటు వట్టి నీరే ఇచ్చాము. క్రింది ఆకులు పసుపుబారినవి. గంప చూసిన వంటమనిషి, "ఇది మనుషులకా బాబూ, మేకలకా?" అని అడిగి వెనక్కు పంపాడు. ఎండ కాసే రోజులలో మూడు నాలుగు రోజుల విరామం చాలునని ఆనాడు నేర్చుకున్నాము. మొక్కను శుద్ధి చేయబోయి మాడ్చడం శాస్త్రం కాదు.

ఇక ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పిన అసలు సంగతికి వస్తాను. మా తొట్టి 200 లీటర్లది. మంచినీరు నింపవలెనంటే ఉన్న ద్రావణాన్ని ఖాళీ చేయవలెను. నిరుడు ఒకనాడు నేను ఆ పని ముగించి, ద్రావణాన్నంతా వసతిగృహం వెనుక, బోరుబావికి పది అడుగుల దూరంలో పారబోశాను. నాలుగు రోజుల తరువాత అక్కడ నేలపై తెల్లని పొర పేరుకొని కనబడింది. అప్పుడు గాని నాకు లెక్క వేయాలని తోచలేదు. లీటరుకు 900 మిల్లీగ్రాముల వంతున 200 లీటర్లలో 180 గ్రాముల నైట్రేట్ ఉంటుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం త్రాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ ఉండరాదు. అంటే నేను పోసిన ఆ ఒక్క తొట్టి 4000 లీటర్ల నిర్మలమైన నీటిని ఆ హద్దు దాకా తీసుకుపోగలదు. విద్యార్థి కంచంలో కొన్ని మిల్లీగ్రాములు తగ్గించామని సంతోషిస్తూ, అతని మంచినీటి కుండలో గ్రాముల కొద్దీ కలిపే ఏర్పాటు చేశామన్నమాట!

ఇది అతిశయోక్తి అని ఎవరైనా అనవచ్చును. ఒక్క తొట్టితో బావి చెడదు, నిజమే. కాని నైట్రేట్ నీటిలో సులభంగా కరిగి, మట్టికి అంటుకోక నేరుగా క్రిందికి దిగిపోయే స్వభావం గలది. తెలుగు రాష్ట్రాలలోని అనేక ప్రాంతాల బోరు నీటిలో ఇది ఇప్పటికే హద్దు దాటి ఉన్నట్లు భూగర్భజల నివేదికలు చెబుతున్నవి. ఎరువులు, మురుగు, పశువుల వ్యర్థాలు అందుకు ప్రధాన కారణాలు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్లు, ఎవరి పిడికెడు వారికి చిన్నదిగానే తోస్తుంది. మన బోరు నీరు వసతిగృహానికే కాక సిబ్బంది నివాసాలకు కూడా పోతున్నది. అక్కడ పసిపిల్లలకు పాలసీసాలు కలిపే తల్లులు ఉన్నారు. బావి నీటిలోని నైట్రేట్‌కూ, పసికందుల శరీరం నీలివర్ణానికి తిరిగే వ్యాధికీ గల సంబంధాన్ని 1945లో హంటర్ కామ్లీ అనే అమెరికా వైద్యుడు వెల్లడించాడు. నీటిని కాచినందువల్ల నైట్రేట్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఈ విషయంలో గృహిణి చేయగలిగింది బహు తక్కువ, మనం చేయగలిగింది చాలా ఎక్కువ.

కళాశాల సంఘం వారికి సవినయంగా కొన్ని సూచనలు చేయదలచాను. కోతకు వారం ముందు నుండి తొట్టిలో కొత్తగా లవణాలు కలపడం ఆపించవలెను. మొక్కలే ఆ ద్రావణాన్ని త్రాగి తగ్గించనీయవలెను. చివరి మూడు నాలుగు ఎండ రోజులు మాత్రమే వట్టి నీరు ఇవ్వవలెను. ఈ నియమం ఆకుకూరలకే గాని టమాటాకు, మిరపకు అక్కరలేదు. తొట్టిలో మిగిలిన ద్రావణాన్ని ఒక్కచోట పారబోయక, పదింతల నీరు కలిపి, బోరుకు దూరంగా ఉన్న కొబ్బరిచెట్లకు, పూలమొక్కలకు కొద్దికొద్దిగా పంచవలెను. ఒకచోట విషమనిపించేది మరొకచోట ఎరువే గదా!

కోత సమయాన్ని కూడా మార్చవలసి ఉన్నది. తెల్లవారుజామున కోసిన ఆకులో రాత్రంతా చీకటిలో పేరుకున్న నైట్రేట్ ఎక్కువగా ఉంటుంది. పగలంతా వెలుతురు తిన్న ఆకును సాయంకాలం కోసి, తడి గోనెపట్టా కప్పి ఉంచితే మేలు. లావుపాటి కాడలను తీసివేయడం మరొక సులభమైన ఉపాయం. ఇవేవీ డబ్బుతో పనిలేనివి. డబ్బు కావలసినది ఒక్కదానికే. మా దగ్గరున్న విద్యుద్వాహకత మాపకం నీటిలోని లవణాలన్నిటినీ కలిపి ఒకే అంకెగా చూపుతుంది, అందులో నైట్రేట్ ఎంతో విడిగా చెప్పదు. అందుచేత వర్షాలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి మన బోరు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని విద్యార్థుల ప్రకటన ఫలకంపై అతికించవలెనని ప్రార్థన.

చివరగా ఒక మాట. వార్షికోత్సవం నాటి ప్రదర్శనలో మన తోట ముందు "రసాయనాలు లేని కూరలు" అన్న బోర్డు పెట్టాలని కొందరు మిత్రులు ఉబలాటపడుతున్నారు. నాలుగు రోజులు మంచినీరు త్రాగినంత మాత్రాన, నెలరోజులు లవణ ద్రావణంలో పెరిగిన మొక్కకు ఆ బిరుదు ఇవ్వడం న్యాయం కాదు. మొక్కకు మట్టి నుండి వచ్చినా, తొట్టి నుండి వచ్చినా నైట్రేట్ నైట్రేటే. అందులో సిగ్గుపడవలసింది లేదు, దాచవలసిందీ లేదు. ఆ బోర్డుకు బదులు, ద్రావణం ఏనాడు ఆపామో, కూర ఏనాడు కోశామో, మిగిలిన నీరు ఎక్కడ పోశామో మూడు పంక్తులలో వ్రాసి పెడదాము. విజ్ఞానశాస్త్రం చదివేవారికి అంతకంటె గౌరవమైన ప్రకటన వేరొకటి లేదు. మన వంటశాలలో ఉర్దూ మిత్రులు దానిని పాలక్ అంటారు, తెలుగువారము పాలకూర అంటాము. తినేది ఒకే గిన్నెలోనిది, త్రాగేది ఒకే బోరు నీరు. ఆ రెంటినీ కాపాడే పూచీ మనందరిదీ అని విద్యార్థి సోదరులు, సంఘం పెద్దలు గ్రహింతురు గాక!