గడ్డిని గుర్తుపట్టే కంటికి పని ఉంది

‘బీజడ్‌సీ చదివి ఏం చేస్తావ్?’ సిటీ కాలేజీలోనో, హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీలోనో బోటనీ చదివే మీరు ఈ మాట వినే ఉంటారు. దీనికి ఒక జవాబు పాతబస్తీ పక్కనే ఉంది. చార్మినార్ నుంచి బహదూర్‌పురా, జూపార్కు మీదుగా ఆరాంఘర్ దాటితే రాజేంద్రనగర్. అక్కడి భారత వరి పరిశోధన సంస్థకు పునాది 1965లో మొదలైన అఖిల భారత వరి పథకం. దానికి సారథ్యం వహించిన ఎస్.వి.ఎస్. శాస్త్రి అదే ఏడాది శర్మతో కలిసి ఓ అడవి వరికి ‘ఒరైజా నివారా’ అని పేరు పెట్టారు. మన పెద్దలు నివ్వరి అన్నది ఈ నీవారాన్నే.

దీన్ని దగ్గరి చుట్టమైన ‘ఒరైజా రూఫిపోగాన్’ నుంచి విడదీయడం తేలిక కాదు. రెండింటి గింజకూ మీసాలుంటాయి, రెండూ పండగానే రాలిపోతాయి. నివారా ఎండాకాలం ఎండిపోయే కుంటల్లో మొలిచి ఏడాదిలోనే చచ్చిపోతుంది. పొట్టిగా, గుబురు కంకితో ఉంటుంది. రూఫిపోగాన్ నీరు నిలిచే చోట ఏళ్ల తరబడి బతుకుతుంది. కంకి విచ్చుకుని ఉంటుంది. పుప్పొడి తిత్తులు సాధారణంగా 3 మి.మీ. దాటతాయి, నివారాలో అంతకన్నా చిన్నవి. అలాగని ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పేయొద్దు. నీటి లోతును బట్టి కాడ ఎత్తు మారుతుంది. రెండూ సంకరమై నడిమి రకాలూ పుడతాయి. రెండూ ఒకే జాతి అనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. అందుకే చాలా మొక్కల్లో చాలా లక్షణాలు కొలిచి, అన్నీ కలిపి చూడాలి.

ఇంత తంటా దేనికంటారా? 1970లలో గ్రాసీ స్టంట్ వైరస్ ఆసియా వరిని దెబ్బతీసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వేల నమూనాలు పరీక్షిస్తే, గట్టిగా తట్టుకున్నది ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివారాయే. ఆ జన్యువుతో 1976లో వచ్చిన ఐఆర్36 కోట్ల ఎకరాల్లో పండింది. ఆ మొక్కను కలుపనుకుని వదిలేసి ఉంటే?

డీఎన్ఏ పరీక్షలుండగా కంటితో పనేంటి అనొచ్చు. ఏ మొక్క ఆకు కోసి ల్యాబ్‌కు పంపాలో ముందు చెప్పాల్సింది ఆ కన్నే. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద కొత్త రకం నమోదు కావాలంటే అది మిగతావాటికి భిన్నమని, అన్ని మొక్కలూ ఒకేలా ఉన్నాయని, తరం మారినా గుణం మారదని డీయూఎస్ పరీక్షలో తేలాలి. ఆకు, కంకి, గింజ చూసి రాసే పనే అది. విత్తన కంపెనీలు స్వచ్ఛత తేల్చే గ్రో అవుట్ టెస్టూ అంతే.

కాబట్టి వర్గీకరణ శాస్త్రాన్ని రికార్డు బుక్కుతో సరిపెట్టొద్దు. ఈ వానాకాలం ఒక లెన్సు, స్కేలు, నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరండి. ఒకేలా కనిపించే నాలుగు గడ్డి మొక్కలు తెచ్చి ఆకు, కంకి, మీసం కొలవండి. తేడాలు పట్టిక వేసి, నమూనాలు ఆరబెట్టి షీట్లకు అతికించండి. అంతమాత్రాన ఉద్యోగం వచ్చేస్తుందని కాదు. ఇంటర్వ్యూలో ‘నీకేం వచ్చు?’ అంటే సర్టిఫికెట్‌తో పాటు చూపించడానికి మీ చేతిపని ఒకటి ఉంటుంది.