మెదడు గోదాం కాదు

మెదడులో ఎక్కడో ఒక గోదాం ఉందనీ, నేర్చుకున్న అర్థాలన్నీ అందులో పేర్చి ఉంటాయనీ, మతిమరుపంటే కావలసినది సమయానికి చేతికి దొరకకపోవడమేననీ చాలామంది గట్టి నమ్మకం. బళ్లలో బట్టీ చదువులు, జ్ఞాపకశక్తి పెంచుతామనే శిబిరాలు ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. ఇది తప్పు. ఈ తప్పువల్ల జబ్బుపడ్డ మనుషులకు అన్యాయం జరుగుతోంది కాబట్టి ఊరుకోకూడదు.

నిన్న పెళ్లిలో ఏం తిన్నామో గుర్తుండడం వేరు, పులిహోర అంటే ఏమిటో తెలిసుండడం వేరు. ఈ రెంటినీ 1972లో మనస్తత్వవేత్త ఎండెల్ టుల్వింగ్ విడదీసి చూపాడు. 1975లో లండన్‌లో న్యూరోసైకాలజిస్టు ఎలిజబెత్ వారింగ్టన్ ముగ్గురు రోగులను వర్ణించింది. వాళ్ల చూపులో లోపం లేదు, మాట ధారాళంగానే ఉంది, కానీ మాటలకూ వస్తువులకూ అర్థం తెలియకుండా పోతోంది. ఈ జబ్బుకు 1989లో సెమాంటిక్ డిమెన్షియా అని పేరు పెట్టారు. దీనికి తలకిందులైన సంగతిని 1997లో ఫరానే వర్ఘా ఖాదెమ్ బృందం బయటపెట్టింది. చిన్నతనంలోనే మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతిన్న ముగ్గురు పిల్లలకు పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండేది కాదు. అయినా వాళ్లు మామూలు బడిలో చదువుకున్నారు, చదవడం రాయడం నేర్చారు, లోకజ్ఞానం సంపాదించారు. జ్ఞాపకాలన్నీ ఒకే గోదాంలో ఉంటే ఇలా ఒకటి పోయి ఒకటి మిగలడం ఎలా సాధ్యం?

సెమాంటిక్ డిమెన్షియా మొదలైన మనిషి నిన్న బస్సులో ఎవరిని కలిశాడో చెప్పగలడు, తారీఖు చెప్పగలడు. గరిట చూపిస్తే మాత్రం పేరు చెప్పలేడు. మనకూ ఒక్కోసారి మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఎవరైనా మొదటి అక్షరం అందిస్తే చాలు, వచ్చేస్తుంది. ఈ రోగికి మొదటి అక్షరం మాట అటుంచండి, పేరు మొత్తం చెప్పినా "గరిట అంటే ఏమిటి?" అని అడుగుతాడు. దారి తప్పినది మాట కాదు, పోయింది అర్థమే.

ఆ పోవడానికీ ఒక వరుస ఉంది. హంస బొమ్మ చూసి మొదట్లో హంస అన్నవాడు కొన్నాళ్లకు పక్షి అంటాడు, ఆ తర్వాత జంతువు అంటాడు. ప్రత్యేకమైన సంగతులు ముందు పోతాయి, పదింటికీ చెందిన సంగతులు చివరిదాకా నిలుస్తాయి. ఈ రోగులకు బాతు బొమ్మ చూపించి, కాసేపు దాచి, గుర్తున్నట్టు గీయమంటే కొందరు నాలుగు కాళ్ల బాతును గీశారు. నా దృష్టిలో గోదాం వాదానికి ఇంతకన్నా గట్టి ఖండన లేదు. గోదాంలో సరుకు పోతే పోవాలి, లేని సరుకు పుట్టుకు రాకూడదు. నాలుగు కాళ్ల బాతును ఆ మనిషి జన్మలో చూడలేదు, ఎవరూ నేర్పలేదు. జంతువులకు సాధారణంగా నాలుగు కాళ్లుంటాయన్న మిగిలిన తెలివితో ఆ బాతును అతని మెదడు అప్పటికప్పుడు కూర్చింది. జబ్బు లేని మెదడూ అర్థాన్ని ఇలాగే ప్రతిసారీ కూర్చుకుంటుంది. కాకపోతే దానికి కావలసిన సంబంధాలన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి కాబట్టి మన బాతుకు రెండే కాళ్లుంటాయి.

"ఈ జబ్బులో కణతల వెనకుండే టెంపోరల్ లోబ్ ముందుభాగమే కదా కుంచించుకుపోతోంది, మరి అదే గోదాం కాదా?" అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. కారలిన్ ప్యాటర్సన్ బృందం 2007లో ఇచ్చిన జవాబు నాకు సబబుగా తోస్తుంది. రంగు, చప్పుడు, రుచి, చేతి కదలిక మెదడులో వాటి వాటి చోట్ల ఉంటాయి, ఈ ముందుభాగం వాటన్నిటినీ ఒకదానికొకటి కలిపే కూడలి. కూడలి చెడితే కలయికే చెడుతుంది. అప్పుడు కూడా రోగి తన ఇంట్లో రోజూ వాడే గిన్నెనో కెటిల్‌నో వాడుకోగలడు, అలాంటిదే కొత్తది చేతికిస్తే తికమకపడతాడు. 2016లో బర్క్‌లీలో అలెగ్జాండర్ హుత్ బృందం ఏడుగురికి గంటలకొద్దీ కథలు వినిపించి, స్కానర్‌తో మెదడును పరిశీలించింది. అర్థానికి స్పందించే చోట్లు కుడి ఎడమ రెండు వైపులా విస్తరించి కనిపించాయి. భాషంతా ఎడమ మెదడుదేనని ఇంకా రాసేవారు ఆ పటం చూడాలి.

అర్థం సందర్భాన్ని బట్టి నడుస్తుందనడానికి ఇంకో రుజువు 1980లోనే దొరికింది. "వేడి అన్నంలో నెయ్యి, ఆవకాయ, చెప్పులు కలిపి తిన్నాడు" లాంటి వాక్యంలో పొసగని మాట దగ్గర, సుమారు 400 మిల్లీసెకన్లకు మెదడు విద్యుత్తులో ఒక ప్రత్యేకమైన అల లేస్తుందని మార్టా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ చూపించారు. గుమ్మం ముందు విడిచిన చెప్పుల దగ్గర ఆ అల అంతగా లేవదు. మాట అదే, మారింది చుట్టూ ఉన్న వాక్యం.

ఇదంతా మన ఆసుపత్రులకు పట్టాల్సిన విషయం. తారీఖు, ఊరు, మూడు మాటలు అడిగి పంపించే పరీక్షలో ఈ రోగులు చాలాసార్లు గట్టెక్కుతారు. ఇంటికొచ్చాక "కాస్త గుర్తు తెచ్చుకో నాన్నా" అని పిల్లలు పోరుతారు, పెద్దాయన తలదించుకుంటాడు. ఇక పాశ్చాత్య దేశాల్లో అర్థాన్ని పరీక్షించడానికి బాగా వాడే ఒక పరీక్షలో పిరమిడ్ బొమ్మ చూపించి, దానికి తాటి జాతి చెట్టు పొసగుతుందా పైన్ చెట్టు పొసగుతుందా అని అడుగుతారు. నల్గొండ రైతు అక్కడ తడబడితే అది జబ్బు కాదు, అతని బతుకులో పిరమిడ్ లేదంతే. గీత కార్మికుడి మోకు చూపించి తాటిచెట్టా వేపచెట్టా అని అడిగితే, అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ ఇలాంటి పని చేయలేమనడానికి వీల్లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించిన సువర్ణ అల్లాడి బృందం, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో ప్రకటించింది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడే ఊళ్లో బడి గడప తొక్కని మనుషుల మెదళ్ల నుంచి ప్రపంచం నేర్చుకున్న పాఠమది. ఆ మనుషుల వంటింటి సామాను, పొలం పనిముట్లు, పండగలు బొమ్మలుగా వేసి, వాళ్ల యాసలోనే అడిగే అర్థ పరీక్షలు జిల్లా ఆసుపత్రి దాకా రావాలి. తారీఖు చెప్పగలిగాడన్న ఒక్క కారణంతో ఎవరినీ వెనక్కి పంపకూడదు.