కయాకింగ్ నాకు, కంది చేను నాన్నకు

ఈ వీకెండ్ నాన్నతో వికారాబాద్ దగ్గర ఫామ్‌స్టేకి వెళ్లా. హైదరాబాద్ నుంచి సుమారు 80 కిలోమీటర్లే. శనివారం పొద్దున్నే అనంతగిరి అడవిలో ట్రెక్కింగ్ చేశా. మన మూసీ పుట్టింది ఈ కొండల్లోనే! సాయంత్రం కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్.

నాన్న మాత్రం దేనికీ రాలేదు. ఫామ్ పక్కన కంది చేను గట్టు మీదే కూర్చున్నారు. 2022లో జీఐ ట్యాగ్ దక్కిన తాండూరు కంది పండేది ఈ జిల్లాలోనే. నా ఇంజినీరింగ్ ఫీజు కోసం నాన్న అమ్మిందీ కంది చేనే.

"ఇక్కడ ఉండటానికి డబ్బులు కడతార్రా?" అని నవ్వారు.

ఆదివారం ట్రెక్ మానేసి నేనూ గట్టు మీదే కూర్చున్నా. తొలకరికి వేస్తే సంక్రాంతి దాకా ఆగాలని అప్పుడే తెలిసింది.

మీరూ వెళ్లండి. కయాకింగ్ మిస్ కావద్దు. అమ్మానాన్నలు వెంట ఉంటే మాత్రం ఒక పూట ఏ ప్లానూ పెట్టుకోకండి.