జింక అబద్ధమట, కారు నిజమట!

టెక్నాలజీ భక్తులతో మాకు పాత పంచాయితీ ఉంది. పొద్దున పేపర్లో వాళ్ల కాలమే. రాత్రి టీవీ చర్చలో వాళ్ల మొఖమే. సైన్సు గురించి అడిగినా, వ్యాపారం గురించి అడిగినా, రాజకీయం గురించి అడిగినా వాళ్ల దగ్గర ఒకటే జవాబు. పెట్టుబడి వస్తున్నది, కొలువులు వస్తున్నయి, మీరు అడ్డం రాకుండ్రి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌కు రిబ్బన్ కట్ చేసిననాడు ఇదే మాట. 2025లో కంచ గచ్చిబౌలికి బుల్డోజర్లు వచ్చిననాడూ ఇదే మాట. మధ్యలో రాష్ట్రం వేరైంది, ముఖ్యమంత్రులు మారిండ్రు, పార్టీలు మారినయి. ఆ మాట మాత్రం మారలేదు.

2025 మార్చి 30. ఆదివారం, ఉగాది. తెల్లారితే రంజాన్. కోర్టులకు సెలవులు చూసుకొని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన సర్వే నంబర్ 25లోని 400 ఎకరాల్లోకి బుల్డోజర్లను దింపిండ్రు. అడ్డం పోయిన పిల్లల్ని పోలీసులు ఈడ్చుకుపోయి వ్యాన్లలో పడేసిండ్రు. రాత్రిపూట లైట్లు పెట్టుకొని చెట్లు కూలుస్తుంటే నెమళ్లు అరిచిన వీడియోలు రాష్ట్రమంతా చూసింది. అక్కడ ఐటీ పార్కు కడతరట. 50 వేల కోట్ల పెట్టుబడి, 5 లక్షల కొలువులు అని సర్కారు లెక్క చెప్పింది. భక్తులు ఆ లెక్కను కండ్లకద్దుకున్నరు. అడిగిన పిల్లల్ని అభివృద్ధి నిరోధకులన్నరు.

ఆ యూనివర్సిటీ ఎవరో పుణ్యానికి పెట్టింది కాదు. 1969లో తుపాకులకు ఎదురుపోయినోళ్లు 369 మంది అని మనం చెప్పుకుంటం. ఆ ఉద్యమం మీద, దాని వెనక 1972లో వచ్చిన జై ఆంధ్ర మీద నీళ్లు చల్లడానికి ఢిల్లీ 1973లో ఆరు సూత్రాల పథకం తెచ్చింది. మన చేతిలో ఉన్న ముల్కీ రూల్స్ గుంజుకొని, హైదరాబాద్‌కు ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇస్తమన్నది. 1974లో అబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలైన ఆ చదువు తర్వాత గచ్చిబౌలి రాళ్ల మధ్యకు పోయింది. అంటే ఆ నేలకు మనం ముందే ధర కట్టినం. రక్తంతోని కట్టినం.

కాగితం మీద ఆ 400 ఎకరాలు సర్కారువే అంటరు. సరే, కాగితం సంగతే మాట్లాడుదాం. క్రీడా అకాడమీలు పెడతమన్న ఒక ప్రైవేటు కంపెనీకి తెలుగుదేశం సర్కారు 2003-04లో ఈ భూమిని రాసిచ్చింది. 2006లో వైఎస్ సర్కారు రద్దు చేసింది. కోర్టుల్లో నలిగి నలిగి 2024 మార్చిలో హైకోర్టులో, అదే ఏడాది మేలో సుప్రీంకోర్టులో రాష్ట్రం గెలిచింది. ప్రైవేటు నోట్లోంచి భూమి బయటపడ్డదని మనం సంబురపడ్డం. ఆ సంబురానికి ఏడాది నిండకముందే దాన్ని ముక్కలు చేసి వేలం పెట్టే పనికి దిగిండ్రు. గెలిచింది ప్రజల కోసమా, పాటదారుల కోసమా?

2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకొని పనులు ఆపించింది. హైకోర్టు రిజిస్ట్రార్‌ను పంపి చూసి రమ్మన్నది. దాదాపు 100 ఎకరాలు యంత్రాలతో ధ్వంసమైందని, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించినయని ఆయన రాసిచ్చిండు. అసలు కథ ఇక్కడే మొదలైతది.

రెండు రోజులు కూడా గడవకముందే సర్కారు కొత్త పాట అందుకున్నది. ఏడుస్తున్న నెమళ్లు, పరుగెత్తుతున్న జింకలు అన్నీ ఏఐ చేసిన బొమ్మలట. కంప్యూటర్ పుట్టించిన అబద్ధాలట. కేసులు పెడతమన్నరు, కోర్టుకు పోతమన్నరు. బొమ్మ గీసిన వాళ్లనే కాదు, ఆ బొమ్మను పదిమందికి పంపినందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణికి కూడా పోలీసులు నోటీసు ఇచ్చిండ్రు. ఏఐ బొమ్మలు తిరిగిన మాట వాస్తవమే, మేం కాదనం. బుల్డోజర్ ముందు జింక, నెమలి నిలబడ్డ కార్టూన్ లాంటి బొమ్మ చూస్తే చిన్నపిల్లగానికి కూడా అది గీసిన బొమ్మ అని తెలుస్తది. అంతమాత్రాన కూలిన చెట్టు కార్టూన్ అయితదా? రిజిస్ట్రార్ కండ్లకు కనిపించిన జింక ఏ కంప్యూటర్లో పుట్టింది? ఆ ఏప్రిల్ మొదటి వారంలోనే క్యాంపస్‌లో కుక్కలు కరిచి ఒక చుక్కల జింక చచ్చిపోయింది. దానికి పోస్టుమార్టం కూడా ఏఐతోనే చేయించాల్నా?

ఏఐ మనిషిని మించిపోయిందని వారం వారం రాసే భక్తులు ఆనాడు ఒక్క మాట అడగాల్సి ఉండె. ఏ వీడియో నిజం, ఏది అబద్ధం, పరీక్ష పెట్టి ఒక్కొక్కటి తేల్చుండ్రి అని. అది సైన్సు తెలిసినోడు అడిగే మాట. వాళ్లు అడగలేదు. 'టెక్నాలజీ దుర్వినియోగం' అని తలలూపి ఊకున్నరు.

ఇప్పుడు కారు సంగతి.

కంప్యూటర్ చూపించిన జింకను నమ్మని సర్కార్లు, కంప్యూటర్ చూపించిన కారును కండ్లు మూసుకొని నమ్మినయి. 2014 నుంచి 2019 దాకా మన రాష్ట్రంలో 18 లక్షల పైచిలుకు రేషన్ కార్డులు రద్దయినయి. ఆ ఏరివేతకు వాడిన సాధనాల్లో 'సమగ్ర వేదిక' ఒకటి. మనిషి పేరు, చిరునామా పట్టుకొని బండ్ల రిజిస్ట్రేషన్లు, ఆస్తులు, కరెంటు బిల్లులు లాంటి పదుల జాబితాల్లో వెతికి, 'వీళ్లిద్దరూ ఒకరే' అని జత కలిపే సాఫ్ట్‌వేర్ అది. మన ఊర్లలో మల్లయ్యలు ఎందరు, యాదమ్మలు ఎందరు, పాతబస్తీలో అహ్మద్‌లు ఎందరు? పేరు కలిస్తే మనిషి కలిసినట్టేనా? సైకిల్ రిక్షా తొక్కి బతికిన మనిషి పేరు మీద కారుందని మిషన్ చెప్పింది. కార్డు పోయింది, బియ్యం పోయినయి. ఆ ఇంటి ముసలమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగింది. 'నాకు కారు లేదు' అని నిరూపించుకొమ్మన్నరు. లేని కారును లేదని ఎట్ల చూపిస్తరు? ఉన్న కారునైతే వాకిట్లో నిలబెట్టి చూపించొచ్చు!

నోటీసు ఇయ్యలేదు. ఇంటికి వచ్చి చూడలేదు. ఆఖరికి 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, రద్దు చేసిన కార్డులన్నిటినీ మనుషుల్ని పంపి మళ్లీ విచారించుండ్రి అని. బోగస్ కార్డులు లేవని మేం అనం, ఉన్నయి. కానీ దొంగ కార్డును పట్టే వలలో ఎందరు అసలు పేదలు చిక్కిండ్రో ముందే కొలిచి చూడాలె. మందును మనుషుల మీద వాడే ముందు పరీక్షించరా? పేదోని కంచం మీద మాత్రం పరీక్ష లేకుండానే ప్రయోగం చేస్తరు. ఆనాటి కాలమ్‌లు తిరగేయుండ్రి. 'ఈ-గవర్నెన్స్‌లో తెలంగాణ ముందంజ' అనే ఉంటది. ఆ సర్కారును నడిపింది మన ఉద్యమంలోంచి వచ్చినోళ్లే అని చెప్పుకోవాలంటే మాకే సిగ్గయితది. చెప్పక తప్పదు.

విద్యార్థి మిత్రులకు 2019 ఏప్రిల్ గుర్తు చేయాల్సిన పని లేదు. ఇంటర్ ఫలితాల పని ఒక ప్రైవేటు సంస్థ సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టిండ్రు. మార్కులు తారుమారైనయి. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయి పేపర్ మళ్లీ దిద్దితే 99 ఉన్నయి. అప్పటికే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. సాఫ్ట్‌వేర్ తప్పును పట్టడానికి ఇంత మంది పిల్లలు చావాల్నా? తర్వాత మూడేండ్లు దాటి నాలుగో ఏడు వచ్చింది. 2023 మార్చిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ కంప్యూటర్లోంచి ప్రశ్నపత్రాలు బయటికి పోయినయి, గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దు చేసిండ్రు. జూన్ 11న మళ్లీ పెడితే బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేయమన్నది. ప్రపంచ కంపెనీలన్నీ మా ఊర్లోనే ఉన్నయని గొప్పలు చెప్పుకునే సర్కారుకు, అశోక్‌నగర్‌లో అయిదు రూపాయల భోజనం తిని చదివిన పిల్లగాని వేలిముద్ర తీసుకునే తీరిక లేకపోయింది.

మేం టెక్నాలజీకి శత్రువులం కాదు. ఈ పేజీలను కూడా కంప్యూటర్ మీదనే దిద్దుతున్నం. అసలు హైదరాబాద్‌లో సైన్సు సైబర్ టవర్స్‌తో పుట్టిందన్నోడికి ఈ నగరం తెలియదు. ఇవాళ తార్నాకలో ఉన్న ఐఐసీటీకి మూలం 1944లో నిజాం కాలంలో పెట్టిన ప్రయోగశాల. 1967లో వచ్చిన ఈసీఐఎల్ టీడీసీ-12 పేరుతో దేశీయ కంప్యూటర్లు తయారుచేసింది. బాలానగర్ ఐడీపీఎల్ మందులు చేయడం నేర్పింది. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి మొదట ఐడీపీఎల్‌లో పనిచేసినాయనే. 1977లో సీసీఎంబీ వచ్చింది. ఇవన్నీ ప్రజల సొమ్ముతో పెట్టిన సంస్థలు. వాటికి కూడా భూములు ఇచ్చినం, ఊర్లు ఇచ్చినం. ఆ కొలువుల్లో మన వాటా ఎంత అన్న కొట్లాట అప్పుడూ ఉంది. కానీ అక్కడ కొలువుకు నోటిఫికేషన్ ఉండేది, యూనియన్ ఉండేది, అడిగితే జవాబు చెప్పే మంత్రి ఉండేటోడు. ఐడీపీఎల్ మూతబడ్డనాడు ఈ భక్తుల్లో ఒక్కడు కంట తడి పెట్టలేదు.

సైన్సు చెప్పిన చేదు మాట వినడం కూడా వీళ్లకు రాదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేల్చిండ్రు. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ప్రపంచమంతా ఉలిక్కిపడ్డది. ఇక్కడ మాత్రం 'ఫార్మా రాజధాని' మీద ప్రత్యేక సంచికలు వచ్చినయి.

ఇక సత్యం కథ. కంప్యూటర్ కంపెనీ అధినేత 2009 జనవరి 7న తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నడు. బ్యాంకులో 5,361 కోట్లున్నయని చూపిస్తే అందులో 5,040 కోట్లు లేనే లేవు. అంతకు మూడు వారాల ముందే ఆ కంపెనీ డబ్బుతో కొడుకుల మేటాస్ కంపెనీలను కొనబోయిండు. ఇంగ్లిష్ అక్షరాల్లో సత్యాన్ని తిరగేస్తే మేటాస్. అది నిర్మాణాల, భూముల వ్యాపారం. సాఫ్ట్‌వేర్ చిప్ప తీసి చూస్తే లోపల నేల కనబడ్డది. ఇప్పుడు మాత్రం ఏమున్నది? 2023 ఆగస్టులో కేసీఆర్ సర్కారు కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటించి అమ్మింది. 2025 అక్టోబర్‌లో రేవంత్ సర్కారు రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు అమ్మింది. సర్కారు భూములను అమ్మొద్దని ధర్నాచౌక్‌లో కూచున్నది మనమే గదా. కొన్నది రియల్ ఎస్టేట్ కంపెనీ. ఆ 177 కోట్ల ఎకరంలో ఏ ఉద్యోగి అయినా పింఛన్ డబ్బుతో ఒక గది కొనగలడా?

ఆఖరుకు ఆ కొలువుల లెక్క. 2025 జనవరిలో దావోస్ పోయి 1 లక్షా 78 వేల కోట్ల పెట్టుబడులు తెచ్చినమని, 49,500 కొలువులు వస్తయని సర్కారే చెప్పింది. అందులో 60 వేల కోట్లు ఒక్క అమెజాన్ డేటా సెంటర్లవే. భాగించి చూడుండ్రి. ఒక్కో కొలువుకు దాదాపు 3 కోట్ల 60 లక్షల పెట్టుబడి. అదే సర్కారు రెండు నెలలకు కంచ గచ్చిబౌలిలో 50 వేల కోట్లకు 5 లక్షల కొలువులన్నది. అంటే ఒక్కో కొలువుకు 10 లక్షలు. దావోస్ కొలువుకు, గచ్చిబౌలి కొలువుకు మధ్య ముప్పై ఆరు రెట్ల తేడా! మిషన్లు నిండిన డేటా సెంటర్‌కూ మనుషులు కూచునే ఆఫీసుకూ తేడా ఉంటదంటరు, ఒప్పుకుంటం. ముప్పై ఆరు రెట్లా? అందులో స్థానికులు ఎందరు, కాంట్రాక్టు సెక్యూరిటీ గార్డులు ఎందరు, ఇంజనీర్లు ఎందరు? 610 జీవో కోసం ఏండ్లకు ఏండ్లు కాగితాలు మోసిన ఉద్యోగులు అడుగుతున్న ప్రశ్న ఇది. గిర్‌గ్లానీ కమిషన్ ముందు కొలువు కొలువుకూ లెక్క తీసినోళ్లకు ఈ లెక్క తీయడం కష్టం కాదు. కావాల్సిన కాగితాలు బయటపెట్టాలె, అంతే.

కాలమిస్టు గారూ, అన్నిటి మీదా అభిప్రాయం చెప్పగల పెద్దమనిషి మీరు. కృత్రిమ మేధ మీద మీ వ్యాసం వచ్చే వారం ఎట్లాగూ వస్తది. అందులో ఒక్క వాక్యానికి చోటియ్యుండ్రి. తెలంగాణ పిల్లగానికి కొలువు పడేది 10 లక్షలకా, 3 కోట్ల 60 లక్షలకా?