రెండు గంటల ఢిల్లీ ఎవరికి?

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఎంత దూరం అంటే ఒక్క జవాబు లేదు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి నేరుగా కొలిస్తే సుమారు 1,260 కిలోమీటర్లు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పోయే పట్టాల వెంట కొలిస్తే సుమారు 1,670. విమానంలో రెండుంబావు గంటలు, రైల్లో ఇరవై ఐదు గంటల పైమాటే.

ఆ రెండుంబావు గంటలకూ ఒక లెక్క ఉంది. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతే గంటా ముప్పై ఐదు నిమిషాలు చాలాలి. కానీ టైంటేబుల్లో రాసేది విమానం నిలిచిన చోటు నుంచి కదిలి, అవతల మళ్లీ నిలిచేదాకా పట్టే సమయం. రన్‌వే దాకా పోవడం, పైకెక్కడం, దిగడానికి వరుసలో ఆగడం అన్నీ అందులోనే. విమానం నిమిషాలన్నీ ఇలా లెక్కకు వస్తాయి. మరి ప్రయాణికుడి నిమిషాలో?

ఆదిలాబాద్ విద్యార్థినే తీసుకోండి. హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. బస్సుకు ఆరున్నర గంటలు, నగరం దాటి శంషాబాద్ చేరడానికి గంటన్నర, అక్కడ రెండు గంటల ముందే హాజరు, విమానంలో రెండుంబావు, ఢిల్లీలో బయటపడి ఊళ్లోకి పోవడానికి గంట. మొత్తం పదమూడుంబావు గంటలు! పైగా ఉత్తరాన ఉన్న ఢిల్లీకి పోవడానికి ముందు దక్షిణానికి దిగాలి. తరువాత అతని విమానం దాదాపు అతని జిల్లా మీదుగానే ఎగిరిపోతుంది. నాగపూర్ దగ్గరే కదా అంటారు. నిజమే, కానీ అక్కడికీ బస్సులో గంటల ప్రయాణమే.

ఇది వినోదానికి చెప్పే లెక్క కాదు. ఢిల్లీలో ఉదయం పది గంటలకు ఇంటర్వ్యూ అనుకోండి. శంషాబాద్ దగ్గర కారున్న ఇంటి అబ్బాయి తెల్లవారుజామున విమానమెక్కి, ఇస్త్రీ నలగకుండా వెళ్లి కూర్చుంటాడు. మనవాడు జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి, స్టేషన్ కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వస్తాడు. బోర్డు ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది. దాన్నే సమాన అవకాశం అంటారు!

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేననను. రైల్వే నియామక పరీక్షలకు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు స్లీపర్ క్లాసు ఉచిత పాసు ఇస్తున్నారు. అది టికెట్ ఖర్చును తీరుస్తుంది, అలసటను తీర్చదు. కాల్ లెటర్ ఆలస్యమైతే రైల్లో బెర్తు దొరకదు, విమానం ఛార్జీ ఆకాశాన్నంటుతుంది. అంటే ఆలస్యం చేసేది ఆఫీసు, జరిమానా కట్టేది పేదవాడు.

నేను కోరేవి మూడే. కాల్ లెటర్ కనీసం నెల ముందు రావాలి. దూరం నుంచి వచ్చేవారికి ముందురోజు రాత్రి పడుకోవడానికి చోటు చూపాలి. వీలున్న ఇంటర్వ్యూలు హైదరాబాద్, విశాఖ వంటి నగరాల్లోనే జరపాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. మా అమ్మానాన్నలు విమానాన్ని తలెత్తి చూడటమే తప్ప ఎక్కి ఎరుగరు. హాస్టల్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీరు విమానమెక్కుతారు, నాకు నమ్మకముంది. కొందరు అధికారులై కాల్ లెటర్ల మీద సంతకాలు కూడా పెడతారు. ఆ రోజు తేదీ వేసేముందు ఆదిలాబాద్ బస్సును కూడా లెక్కలో వేయండి.