ప్రోగ్రామ్ పనిచేసింది, మరి మార్కులు ఎందుకు తగ్గాయి?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక విద్యార్థి నాన్నగారు జావా ప్రాజెక్టు కాగితాలు నా ముందు పెట్టారు. "అవుట్‌పుట్ కరెక్టుగానే వచ్చింది కదా మేడమ్, రెండు మార్కులు ఎందుకు తీసేశారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ హడావిడిలో సగమే చెప్పగలిగాను. క్లాసులో చాలామంది చేసే పొరపాటే కాబట్టి, ఆయన అనుమతితో మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

అబ్బాయి చేసింది చేపల చెరువు లెక్కల ప్రోగ్రామ్. అందులో రెండు ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి. ఇంటర్‌ఫేస్ అంటే ప్రోగ్రామ్‌లో ఒక భాగం "నన్ను ఈ పనులు అడగవచ్చు" అని ఇచ్చే జాబితా. మొదటిది చేపలు కొనేవారికి బరువు, రేటు, మొత్తం చెబుతుంది. రెండోది మేత ఖర్చు లెక్క కోసం. దాన్ని ఆ ప్యాకేజీలోని క్లాసులు తప్ప బయట ఎవరూ వాడరు. అయినా అబ్బాయి రెండింటి ముందూ 'పబ్లిక్' అని రాశాడు.

అడిగితే, "ఇంటర్‌ఫేస్ ఉన్నదే బయటివాళ్ల కోసం కదా మేడమ్" అన్నాడు. మంచి మాటే, కానీ బయట అంటే ఎంత బయట? పక్క గదికా, ఊరందరికా? జావాలో విడిగా రాసే ఇంటర్‌ఫేస్‌కు రెండే దారులు. 'పబ్లిక్' అని రాస్తే ఇతర ప్యాకేజీలవాళ్లూ వాడుకోవచ్చు. ఏమీ రాయకపోతే ఆ ప్యాకేజీ వరకే. లోపలి మెథడ్స్ మామూలుగా రాస్తే వాటంతట అవే పబ్లిక్ అవుతాయి. పిల్లలు తికమకపడేది ఇక్కడే. మెథడ్స్ పబ్లిక్ అయినంత మాత్రాన ఇంటర్‌ఫేస్ కూడా పబ్లిక్ కానక్కర్లేదు.

ఆ నాన్నగారికి చేపల చెరువులున్నాయి. "పట్టుబడి రోజు వ్యాపారికి మీరు ఏం చూపిస్తారండీ?" అని అడిగాను. "కాటా దగ్గర తూకం చూపిస్తాం, రేటు మాట్లాడుకుంటాం. మేత ఖాతా పుస్తకం ఎందుకు చూపిస్తాం?" అన్నారు. నేను కోరిందీ అంతే. రెండో ఇంటర్‌ఫేస్ ఆ ఖాతా పుస్తకం.

దాచడం ఒక్కటే కాదు, తర్వాత మార్చుకునే స్వేచ్ఛ కూడా ముఖ్యం. ఒకసారి పబ్లిక్ చేస్తే దాని మీద ఆధారపడి ఎవరెవరు కోడ్ రాశారో మనకు తెలియదు. ఒక్క కొత్త పని చేర్చినా వాళ్ల ప్రోగ్రామ్‌లు ఆగిపోవచ్చు. జావా తయారుచేసినవాళ్లకే ఈ ఇబ్బంది వచ్చింది. 1998లో జావా 1.2తో 'కలెక్షన్' అనే పబ్లిక్ ఇంటర్‌ఫేస్ వచ్చింది. ఏళ్ల తర్వాత దానికి కొత్త మెథడ్స్ చేర్చాలనుకుంటే, దాన్ని ఇంప్లిమెంట్ చేసిన పాత కోడ్ అంతా కంపైల్ కాకుండా పోయే పరిస్థితి. అందుకే 2014లో జావా 8లో 'డిఫాల్ట్ మెథడ్స్' అనే కొత్త సౌకర్యాన్ని భాషలోనే తేవాల్సి వచ్చింది. ప్యాకేజీ వరకే ఉంచినదాన్ని అవసరమైతే రేపు పబ్లిక్ చేయవచ్చు. పబ్లిక్ చేసినదాన్ని వెనక్కి తెచ్చుకోవడమే కష్టం.

పది మంది చూసే స్కూలు ప్రాజెక్టుకు ఇంత పట్టింపు అవసరమా అని మీరు అడగవచ్చు. ఆ ప్రాజెక్టుకు నష్టం లేదు, నిజమే. కానీ 'పబ్లిక్' పెడితే స్క్రీన్ మీద ఎర్రగీత పోతుందని పిల్లలకు అలవాటైపోయింది. కాలేజీలో నేనూ అలాగే రాసేదాన్ని, ఎవరూ ఎందుకని అడగలేదు. రేపు వీళ్లే ఆసుపత్రి రికార్డులకో, బ్యాంకు ఖాతాలకో కోడ్ రాస్తారు. ఆ రోజుకు అలవాటు మార్చడం ఆలస్యమవుతుంది.

నా తప్పూ ఉంది. దీనికి మార్కులు ఉంటాయని ముందుగా చెప్పకుండానే తగ్గించాను. ఆ రెండు మార్కులూ తిరిగి వేశాను. వచ్చే ప్రాజెక్టు నుంచి మాత్రం ముందే చెప్పి లెక్కలోకి తీసుకుంటాను.

మీకు జావా రానక్కర్లేదు. పిల్లలు ప్రాజెక్టు చూపించినప్పుడు "రన్ అయిందా?" అన్న తర్వాత ఇంకొక్క ప్రశ్న అడగండి: "ఇందులో అందరికీ ఇచ్చేది ఏది, మీ దగ్గరే ఉంచుకునేది ఏది?" జవాబు చెప్పగలిగితే వాళ్లు ఆలోచించి రాసినట్టే.